తొట్టి కడిగిన ఘనుడు

మా వంశంలో పీజీ సెంటరు గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఆదివారాలు పోగా ఇరవై తొమ్మిదేళ్లు రోజూ తొక్కాను. ప్రొఫెసర్లకన్నా ముందు, విద్యార్థులకన్నా ముందు, పొద్దున ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండేవాణ్ణి. తాళంచెవి నా దగ్గరే ఉండేది మరి. ఎనిమిదో తరగతి తప్పినవాడు ఎమ్మే క్లాసులోకి అందరికన్నా ముందు పోవాలంటే అటెండర్ ఉద్యోగాన్ని మించిన దారి ఏముంది!

ఆ కాలేజీ పేరు చెప్పను. తమిళనాడు ధర్మపురిలో ఉందని చెబితే చాలు. నేను పనిచేసింది సోషల్ వర్క్ శాఖలో. చేరిన కొత్తలో ఒక సారుని, ఈ సోషల్ వర్క్ అంటే ఏమిటని అడిగాను. జనం కష్టాలు తెలుసుకుని, వాళ్లతో కలిసి పనిచేయడం అన్నారు. "దానికి రెండేళ్లు చదవాలా సార్? మా వీధిలో రెండు రోజులుంటే సరిపోతుంది గదా" అన్నాను. నా నోరు నాకు సంపాదించి పెట్టిన మొదటి మెమో అది. రెండోది చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. తనిఖీకి వచ్చిన కమిటీ పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, కాలేజీలో సౌకర్యాలు ఎలా ఉంటాయని అడిగారు. "మీరు వచ్చిన రోజు చాలా బాగుంటాయి సార్" అన్నాను. మా శాఖ హెడ్ మేడమ్ ఆ మెమో మీద సంతకం పెడుతూ, "మూడోది వచ్చిందంటే నీ రిటైర్మెంట్ కాగితాలు ఏ బల్ల మీద ఆగిపోతాయో నేను చెప్పలేను, జాగ్రత్త" అంది.

మా ఇళ్లలో తెలుగు నోట్లో ఉంటుంది, చేతికి రాదు. అక్షరాలు తెలిసినవాళ్లు తక్కువ. నాకు వచ్చాయంటే అది కుప్పంలో ఒక టిఫిన్ హోటల్లో బల్లలు తుడిచిన రెండేళ్ల పుణ్యం. బడి మానేసి అక్కడికి పోతే, గోడ మీది ధరల పలక, వడలు చుట్టే పాత పేపర్లు నాకు పాఠాలు చెప్పాయి. అందుకే ఇప్పటికీ నేను తెలుగు రాస్తే కొంచెం నూనె వాసన వస్తుంది. సర్దుకోండి.

అసలు సంగతికి వస్తాను. ఇది చదివే పిల్లల్లో ఎవరైనా పీజీ చేస్తూ, పల్లెల్లో సేవ చేసి నేర్చుకోవడమనే చదువులో ఉంటే, వాళ్ల కోసమే రాస్తున్నాను. మిగతావాళ్లు ఊరికే నవ్వుకోవచ్చు.

ముందు నా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ అనే మాట చెవిన పడితే చాలు, నా చెయ్యి దానంతటదే ఫినాయిల్ డబ్బా వైపు పోయేది. ఎవరూ చెప్పనక్కర్లేదు. వరండాకు ఫినాయిల్, మెట్లకు ఫినాయిల్, ఆఖరికి లైబ్రరీ ముందున్న క్రోటన్ మొక్కల కుండీలకు కూడా ఫినాయిల్ గుడ్డ. వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఒకసారి మేడమ్ మెట్లెక్కుతూ ముక్కు ఎగబీల్చి, "వాసన చాలదు" అని మళ్లీ కడిగించింది. అలా ఇరవై తొమ్మిదేళ్లు కడిగినవాడి బుర్ర ఎలా తయారవుతుందో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

నా రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలుందనగా జరిగింది ఇది. ఎమ్మెస్‌డబ్ల్యూ రెండో ఏడాదిలో కంబైనల్లూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. అందరూ నన్ను తమిళంలో అన్నా అని పిలిస్తే ఈ పిల్ల ఒక్కతే మామా అనేది. ఎలా మొదలైందంటే, ఒకరోజు స్టేప్లర్ వేలికి గుచ్చుకుని నేను "ఓరి నీ దుంప తెగ!" అన్నాను. బల్ల అవతల ఫారం నింపుతున్న పిల్ల తలెత్తింది.

"మీరు మన మాట మాట్లాడతారా?"

"దెబ్బ తగిలితేనే మాట్లాడతా" అన్నాను.

"అయితే దినమూ తగలనీ మామా. ఈ కాలేజీలో మన మాట విని ఏడాదయింది."

అదీ పిల్ల. నా నోటికి నోరు ఇచ్చే మనిషి శాఖలో దొరకడం నాకు అదే మొదలు.

వాళ్లమ్మది చిత్తాళు పని. కట్టడాల దగ్గర మేస్త్రీలకు తల మీద సిమెంటు తట్ట మోసి అందించేవాళ్లను మా వైపు చిత్తాళు అంటారు. కిందటి సంవత్సరం ఆమె పరంజా మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పిల్ల రెండు నెలలు అమ్మ దగ్గరే ఉండిపోయింది. దాంతో పల్లెలో చేయాల్సిన ఫీల్డ్‌వర్క్ గంటలు తక్కువయ్యాయి. గంటలు తక్కువైతే డిగ్రీ రాదు. మేడమ్ ఎవరెవరితోనో మాట్లాడి ఒక్క అవకాశం ఇప్పించింది. ఒక పల్లెలో, ఆ ఊరివాళ్లు కోరిన పని ఒకటి, వాళ్లతో కలిసి, తోటి విద్యార్థుల సాయం లేకుండా చేసి చూపించాలి. బయటి యూనివర్సిటీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి ఆ పని వాడుకలో ఉందని కళ్లతో చూసి ఫారం మీద రాయాలి. రాస్తే ఈ ఏడాదే డిగ్రీ. రాయకపోతే ఏడాది పోయినట్టే. ఒక ఆసుపత్రిలో రోగులకు ధైర్యం చెప్పి దారి చూపే ఉద్యోగం ఆ పిల్లకి మాటయి ఉంది, అదీ ఈ ఏడాది డిగ్రీ చేతికి వస్తేనే. రాకపోతే అమ్మ దించిన తట్ట కూతురి తలకెక్కుతుంది. ఈ సంగతి శాఖలో అందరికీ తెలుసు.

ఆ పల్లె తుంబలహళ్లి డ్యాం కాలవకు ఇవతల ఉంటుంది. ఇరవై ముప్పై ఇళ్లు, అన్నీ మన మాట మాట్లాడేవాళ్లే, అందరికీ ఆవులు. ఆ పిల్లకి తోడుగా, కాలేజీ వ్యానులో, నన్ను పంపేవాళ్లు. పేరుకి తోడు. పనికి, ఎవరింట్లో మజ్జిగ బాగుంటుందో కనిపెట్టడం.

అక్కడ ఒక అవ్వ. ఊళ్లో అందరికన్నా పెద్ద ఆమె, అందరికన్నా పెద్ద ఆవు ఆమెది. ఆ ఎర్రావు ముందు నడిస్తేనే మంద నడుస్తుంది, అది తాగితేనే మిగతావి మూతి పెడతాయి. మొదటి రోజు నన్ను కిందినుంచి పైదాకా చూసి అడిగింది.

"నువ్వు వాత్యారువా?" వాత్యారంటే పంతులు.

"కాదవ్వా, అటెండరు."

"అంటే?"

"బెల్లు కొడతా."

"ఓహో, మా ఆవు మెడలో ఉండేదీ అదే పని చేస్తాది. దానికి జీతం లే."

నేను మజ్జిగ వెతుక్కుంటూ పక్కింటికి పోయాను.

వేరే విద్యార్థులైతే మొదటి వారమే ర్యాలీ తీసి, గోడ మీద నినాదం రాసి, ఫొటో దిగి వచ్చేవాళ్లు. ఈ పిల్ల మూడు వారాలు ఏమీ చేయలేదు. అవ్వ అరుగు మీద కూర్చుని, పేడ ఎత్తేవాళ్లతో పేడ ఎత్తి, కబుర్లు విన్నది. నాలుగో వారం చెప్పింది. "మామా, వీళ్లకి కావాల్సింది నీళ్ల తొట్టి. పశువులు కాలవకి పోవాలంటే తార్రోడ్డు దాటల్ల. టమోటా లారీలు ఆగవు. కిందటేడు రెండు దూడలు పోయినాయంట. బోరు పక్కన తొట్టి కట్టుకుంటే రోడ్డు దాటే పని ఉండదు."

ఇటుకలు ఊళ్లో కూలిన గోడవి. సిమెంటు ఊరివాళ్లు తలా కొంచెం తెచ్చారు. కట్టడానికి ఆ పిల్ల తన మేనమామ మేస్త్రీని పిలుచుకొచ్చింది. తోడుగా వాళ్లమ్మ కూడా వచ్చింది. విరిగి అతికిన కాలు చాపుకుని స్టూలు మీద కూర్చుని, "అంచు వాడిగా పెట్టొద్దన్నా, ఆవు గొంతుకి తగుల్తాది, గుండ్రంగా తిప్పు" అని చెబుతుంటే, కూతురు తట్ట మోసి అందించింది. మేస్త్రీ నాకూ ఒక తట్ట చూపించాడు. నాకు నడుం నొప్పి అప్పటికప్పుడే వచ్చింది.

ఎగ్జామినర్ శుక్రవారం వస్తాడని కబురు వచ్చింది. గురువారం మధ్యాహ్నం మేడమ్ నన్ను వ్యానులో పంపింది. బ్యానరు, నాలుగు కుర్చీలు, ఒక పూలదండ. "ఇన్‌స్పెక్షన్ రేపు. ఏ లోటూ రాకూడదు" అంది. ఆ మాట ఆమె అనకుండా ఉంటే ఈ కథ లేదు.

నేను పోయేసరికి ఊళ్లో ఎవరూ లేరు. జనమంతా పశువులను మేపడానికి తోలుకుపోయారు. ఆ పిల్ల కాలేజీలో రిపోర్టు టైపు చేసుకుంటోంది. వ్యాను డ్రైవరు చింత చెట్టు కింద కాళ్లు చాపి నిద్రపోయాడు. నేను బోరు దగ్గరికి పోయి తొట్టిలోకి చూశాను.

తొట్టి నిండా పచ్చగా, చిక్కగా పేడ నీళ్లు. వాటి మీద తెప్పల్లాగా అరటి బోదె ముక్కలు. ఈగలు పెళ్లి చేసుకుంటున్నట్టు ముసురుకున్నాయి. వాసన చెప్పనక్కర్లేదు.

చూడండి, ఇక్కడే నేను ఆగి ఎవరినైనా అడిగి ఉండొచ్చు. జేబులో సెల్ ఫోను ఉంది. ఆ పిల్ల నంబరు ఉంది. నేనేం అనుకున్నానంటే, పాపం, పిల్ల రిపోర్టులో మునిగిపోయి తొట్టి మాట మరిచింది, ఊరివాళ్లు చెత్త వేసేశారు, దేవుడు నన్ను సమయానికి పంపాడు అనుకున్నాను. దేవుడు పంపాడని అనిపించినప్పుడల్లా మనిషి ఒకసారి ఫోను చేసి కనుక్కోవాలని నాకు ఆ తర్వాతే తెలిసింది.

తొట్టి అడుగున నీళ్లు పోయే బొక్కలో కుక్కిన గుడ్డ ముక్క లాగి, పేడ నీళ్లంతా వదిలేశాను. అరటి బోదె కంపలోకి విసిరేశాను. వ్యానులో ఎప్పుడూ ఉండే నా సామగ్రి తీశాను. చీపురు, బ్లీచింగ్ పౌడర్, రెండు లీటర్ల ఫినాయిల్. మూడు గంటలు తోమాను. కట్టేటప్పుడు వంగని నడుం, కడిగేటప్పుడు గుర్రంలా పనిచేసింది. చివర్లో బోరు నీళ్లు పట్టి, అందులో కూడా రెండు మూతలు ఫినాయిల్ కలిపాను. దోమలు రాకూడదని! చుట్టూ సున్నంతో ముగ్గు పెట్టి, అంచుకి పూలదండ వేశాను. మా ప్రిన్సిపాల్ గది కూడా ఎప్పుడూ అంత వాసన రాలేదు. ఊరివాళ్లు తిరిగి వచ్చేలోపే వ్యానెక్కేశాను; పిల్లకి చెప్పలేదు. పొద్దున్నే చూసి ఆశ్చర్యపోవాలని.

ఆశ్చర్యపోయింది.

శుక్రవారం పదింటికి ఎగ్జామినర్ వచ్చారు. తిరునెల్వేలి వైపు మనిషి, తెల్ల చొక్కా, నవ్వు ఇంటి దగ్గర పెట్టి వచ్చిన ముఖం. మేడమ్ పక్కన నిలబడింది. అమ్మాయి మొదట తొట్టిని, తర్వాత ముగ్గుని, తర్వాత దండని చూసి ఏదో అడగబోయింది. అంతలోనే అవ్వ ఎర్రావుని తోలుకొచ్చింది, దాని వెనక మంద.

ఎర్రావు ముగ్గు తొక్కి తొట్టి దగ్గరికి వచ్చింది. మూతి దించింది. ముక్కు రంధ్రాలు పెద్దవి చేసి, బుస్సుమని తుమ్మింది. తల విదిలించి నాలుగడుగులు వెనక్కి వేసింది. దండలోంచి ఒక బంతి పువ్వు తెంపుకుని నమిలింది. ఆ తర్వాత తిరిగి, తనకి తెలిసిన పాత దారి పట్టింది. మంద మొత్తం దాని వెనక.

తార్రోడ్డు మీద టమోటా లారీ వేసిన బ్రేకు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక దూడ లారీ బంపరుకి జానెడు దూరంలో నిలబడిపోయింది. మగవాళ్లు కేకలు వేస్తూ అటు పరిగెత్తారు. దూడకి ఏమీ కాలేదు.

ఎగ్జామినర్ పెన్ను తీశారు. "విద్యార్థులు ఎప్పుడూ చేసే తప్పే ఇది. మనకి తోచింది కట్టి, వాళ్లకి మేలు చేశామనుకోవడం. పశువులే ఒప్పుకోవడం లేదు" అన్నారు మేడమ్‌తో.

అమ్మాయి తొట్టి మీదికి వంగి వాసన చూసింది. మా శాఖ వరండాలో రెండేళ్లు నడిచిన పిల్లకి ఆ వాసన ఎవరిదో తెలియకుండా ఉంటుందా? తలెత్తి నా వైపు ఒక్క చూపు చూసింది.

అవ్వకి అలాంటి మొహమాటం లేదు. తొట్టిలో వేలు ముంచి మూతి దగ్గర పెట్టుకుని, ఊరంతా వినబడేలా అరిచింది.

"ఎవుడురా నా తొట్టిలో ఆస్పత్రి పోసింది? వారం దినాలు పేడ నీళ్లు, అరటి బోదె వేసి సున్నం ఘాటు లాగించినా గదరా! కొత్త సిమెంటు ఊరకే తాగుతాయా గొడ్లు? ఏ బుద్ధి లేని నా బట్ట కడిగినాడు? వాని చేతులు పడిపోను!"

ఎగ్జామినర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. "తమిళంలో చెప్పమ్మా" అన్నారు.

"కోపంలో నాకి తమిళం రాదు" అంది అవ్వ. ఆ మాట మాత్రం శుద్ధమైన తమిళంలోనే అంది.

అమ్మాయి నోరు తెరవబోతే ఎగ్జామినర్ చెయ్యెత్తి ఆపారు. "పరీక్ష నీది. నువ్వు చెప్పకూడదు." మేడమ్ నా వైపు తిరిగింది. "నీకు వాళ్ల భాష వచ్చు కదా. ఆమె ఏమంటోందో చెప్పు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లకి తమిళం బాగానే వచ్చు. కానీ ఒక్కతీ ముందుకు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేనేం చెబుతానో చూద్దామని నిలబడ్డారు. ముగ్గు వేసిన చెయ్యి ఎవరిదో వాళ్లకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆవుకి ఈరోజు దాహం లేదంటోంది సార్" అన్నాను.

ఆడవాళ్లలో ఒకామె ఫక్కుమంది.

"ఇంత సేపు అరిచింది ఆ ఒక్క ముక్కకేనా?" అన్నారు ఎగ్జామినర్.

"మా భాషలో మాటలు కొంచెం పొడుగు సార్."

అప్పుడు ఆ పిల్ల ముందుకు వచ్చింది. "తప్పు నాదే సార్. నిన్న నేను ఇక్కడ ఉండాల్సింది. తొట్టి సంగతి చూసుకోవాల్సిన బాధ్యత నాది" అంది. మూడో మెమో వస్తే నా రిటైర్మెంట్ కాగితాలు ఆగిపోతాయని దానికి తెలుసు. టీ తెచ్చినప్పుడల్లా నేనే కథలు కథలుగా చెప్పుకున్నాను. కూతురి పరీక్ష చూడ్డానికి వచ్చిన వాళ్లమ్మ ఆ స్టూలు మీదే కూర్చుని, ఏం జరుగుతోందో సగం అర్థమై, చీర కుచ్చిళ్లు మోకాలి మీద సర్దుకుంటోంది.

ఎగ్జామినర్ ఫారం మడిచిన పుస్తకం మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు.

ఒక నిమిషం నేను ఊరుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరూ నా నోరు మూయించలేకపోయారు, ఆ నిమిషం నేనే మూసుకున్నాను. అదేమీ గొప్పగా చెప్పుకునే నిమిషం కాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

"సార్, నేను తర్జుమా తప్పు చేశాను" అన్నాను. "మళ్లీ చెబుతా. 'ఎవడురా నా తొట్టిలో ఆసుపత్రి పోసింది' అంటోంది. పేడ నీళ్లు, అరటి బోదె కావాలనే వేసిందంట, కొత్త సిమెంటు ఘాటు పోవడానికి. 'ఏ బుద్ధి లేని వెధవ కడిగాడు, వాడి చేతులు పడిపోను' అంటోంది. ఆ వెధవ నేనే సార్. చేతులు ఇంకా ఉన్నాయి."

ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగారు. అప్పుడు జరిగింది నా జీవితంలో మొదటి వైవా.

"ఎందుకు కడిగావు?"

"ఇన్‌స్పెక్షన్ సార్."

"తొట్టి ఎవరి కోసం?"

"ఆవుల కోసం."

"నువ్వు కడిగింది ఎవరి కోసం?"

"తమరి కోసం సార్."

"కడిగే ముందు ఎవరినైనా అడిగావా?"

"లేదు సార్."

ఆయన మేడమ్ వైపు చూశారు. మేడమ్ బ్యానరు వైపు చూసింది. ఆయన అమ్మాయిని అడిగారు. "సరే. ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

అమ్మాయి ఆయన్ని అక్కడే వదిలేసింది. అవ్వ దగ్గరికి పోయి గొంతుక్కూర్చుని, "అవ్వా, దీన్ని బాగు చేయనవుతుందా? ఎన్ని దినాలు?" అని అడిగింది. అవ్వ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మూడు దినాలు ఒట్టి నీళ్లు పట్టి వదలల్ల. మళ్లా పేడ, బోదె, నాలుగు దినాలు. ఆ పైన ఎర్రదాని ఇష్టం" అంది. పిల్ల లేచి వచ్చి, "వారం సార్. ఎర్రావు తాగేదాకా నేను ఇక్కడే ఉంటాను. తాగకపోతే ఆ మాటే రాయండి" అంది.

ఎగ్జామినర్ ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నారు. పైవారం పాలక్కోడు వైపు తనకి వేరే పని ఉందని, శుక్రవారం పదింటికి వస్తానని, ఫారం అప్పటిదాకా తన సంచిలోనే ఉంటుందని చెప్పి జీపెక్కారు. మాట మెత్తగా లేదు, గట్టిగానూ లేదు.

కాలేజీకి తిరిగి వచ్చాక మూడో మెమో తయారైంది. మా శాఖలో మెమోలకి సీలు వేసి, ఎవరివి వాళ్ల బల్ల మీద పెట్టడం నా పని. కాబట్టి సీలు నేనే వేసుకున్నాను, నేనే తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను, అందినట్టు సంతకం చేసి నాకే ఇచ్చుకున్నాను. కింద మేడమ్ చేత్తో ఒక వాక్యం కలిపింది. "వచ్చే శుక్రవారం వరకు పల్లెలో తొట్టి పని. అవ్వ చెప్పినట్టు చేయవలెను."

అలా, అరవయ్యో ఏట పడబోతూ, నేను పల్లెలో సేవ చేసి నేర్చుకునే విద్యార్థినయ్యాను. పొద్దున ఆరున్నర బస్సుకి పోవడం, తొట్టి నింపడం, వదలడం, మళ్లీ నింపడం. అవ్వ స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పేది.

"చీపురు అట్ల పట్టుకుంటారా? యాడ నేర్చుకున్నావు?"

"యూనివర్సిటీలో అవ్వా."

"అందుకే."

నాలుగో రోజు పేడ నీళ్లు కలపమంది. నేను కర్రతో కలుపుతుంటే, "చేత్తో కలుపు, కర్రకి ముద్దలు తెలవవు" అంది. మోచేతుల దాకా పేడలో ముంచి కలుపుతుంటే, జూనియర్ పిల్లలు నలుగురు వచ్చి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద మా మేడమ్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆమె అలాంటి బొమ్మ పెట్టగలదని నాకు అంతవరకూ తెలియదు.

ఆ వారమంతా అమ్మాయి అవ్వ ఇంట్లోనే ఉంది. నాతో ఫినాయిల్ మాట ఎత్తలేదు. రెండో రోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు పాపా నా మీద చెప్పలేదు?"

"నేను చెప్పి ఉంటే నువ్వు ఒప్పుకునేవాడివి కాదు మామా. తగవు పడి ఉండేవాడివి."

నిజమే. పడి ఉండేవాణ్ణి. గెలిచి కూడా ఉండేవాణ్ణేమో, నా నోటితో. పిల్ల ఏడాది మాత్రం పోయి ఉండేది.

శుక్రవారం ఎగ్జామినర్ చెప్పిన టైముకే వచ్చారు. ఈసారి బ్యానరు లేదు, కుర్చీ లేదు, ముగ్గు లేదు. తొట్టిలో బోరు నీళ్లు, అడుగున పచ్చని నాచు మరక ఒకటి. దాన్ని తోమబోతే అవ్వ నా చెయ్యి మీద కొట్టింది, "అది ఉండనీ, ఆవుకి అది మన ఊరు అని తెలియల్ల" అంది.

ఎర్రావు వచ్చింది. మూతి దించింది. బుస్సుమంది. అది తలెత్తి నా వైపు చూసింది, ఒట్టు, నా వైపే. అమ్మాయి పెదవులు బిగించి నేల చూస్తోంది. వాళ్లమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది, కర్ర లేకుండా. ఎగ్జామినర్ ఒక చేత్తో సంచి పట్టుకుని కదలకుండా ఉన్నారు. ఆవు మళ్లీ తల దించింది. ఈసారి మూతి తొట్టిలోనే ఉండిపోయింది. గొంతులో నీళ్లు దిగే చప్పుడు, గుటుక్ గుటుక్, అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. దాని వెనక ఒక కోడె, రెండు పాడావులు, తర్వాత ఆ లారీ కింద పడబోయిన దూడ. రోడ్డు వైపు ఒక్కటీ తిరగలేదు.

ఎగ్జామినర్ అక్కడే, అవ్వ అరుగు మీద కూర్చుని ఫారం నింపి సంతకం చేశారు. ఏం రాశారో చెప్పలేదు కానీ, ఇస్తూ అమ్మాయితో, "ఆ రోజు నన్ను వదిలేసి ఆ ముసలమ్మ దగ్గరికి పోయావు చూడు, అక్కడే పాసయ్యావు" అన్నారు. వాళ్లమ్మ ఏడవలేదు. తొట్టి అంచు మీద చెయ్యి వేసి, గుండ్రంగా ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకుంది.

నాకు ఉత్సాహం ఆగలేదు. "అవ్వా, వారం దినాలు నీ దగ్గర చదివినా. నాకి ఎన్ని మార్కులు?" అన్నాను.

"ఆవు తాగి చూపించింది, దానికి వేస్తా. నువ్వూ తాగి చూపించు, చూద్దాం" అంది అవ్వ.

తాగలేదు. నేను పేడ కలిపిన చేతులు నాకు తెలుసు.

నా రిటైర్మెంటు కాగితాలు రెండు బల్లల మీద ఆగి, మూడో బల్ల మీంచి కదిలాయి. మేడమే తోసిందని విన్నాను. ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. పిల్లలకి నేను చెప్పేదల్లా ఒక్కటే. పల్లెకి పోతే అక్కడ మురికిగా కనబడిన దాన్ని కడిగే ముందు, ఎందుకు అలా ఉందని ఎవరినైనా అడగండి. అడగడానికి పీజీ అక్కర్లేదు. నాకే అక్కర్లేకపోయింది, కాకపోతే నేను కడిగాక అడిగాను.

ఉద్యోగంలో చేరే ముందు అమ్మాయి తన రిపోర్టు బైండింగు చేయించి, శాఖ సీలు కోసం నా బల్ల దగ్గరికి తెచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. నేను సీలు పక్కన పెట్టి ముందు కృతజ్ఞతల పేజీ తీశాను. మేడమ్ ఉంది, అవ్వ ఉంది, అమ్మ, మేనమామ ఉన్నారు. ఎర్రావు కూడా ఉంది. రెండుసార్లు వెతికాను. నేను లేను.

"ఏంది పాపా ఇది? వారం దినాలు పేడ కలిపిన మనిషిని మరిచిపోతివా?"

"మరవలేదు మామా, నువ్వు కృతజ్ఞతల్లో పట్టవు" అంది. "'పనికి ఎదురైన ఆటంకాలు' అని నాలుగో అధ్యాయం ఉంది చూడు, అదంతా నువ్వే."